గడువున్న కాగితం

ఏడో సమాచార హక్కు దరఖాస్తు కూడా ఆమె బల్ల మీదికే వచ్చింది. కవరు మీద మళ్ళీ అదే చిరునామా, ముందు ఆరూ పంపిన పెద్దావిడదే.

జనన మరణాల నమోదు కార్యాలయంలో గుమాస్తా ఆమె. టపా విప్పేదీ ఆమే, కిటికీ దగ్గర ధ్రువపత్రాలు ఇచ్చేదీ ఆమే, సమాచారం అడిగినవాళ్ళకు జవాబు రాసి సంతకం చేయాల్సిందీ ఆమే. కిటికీ బయట పదిహేనుమంది నిలబడి ఉన్నారు. ఒక్క నిమిషం ఆగమని వాళ్ళకు చెయ్యి చూపించి, నిలబడే చదివింది.

మొదటి ఆరు దరఖాస్తులూ పేరుకుపోయిన ఫైళ్ళ గురించి, ఆలస్యమైన ధ్రువపత్రాల గురించి. ఇది మాత్రం సూటిగా మెడ మీదికే వచ్చింది. మీ కార్యాలయానికి మంజూరైన పోస్టులెన్ని? పనిచేస్తున్నవాళ్ళెందరు? ఖాళీ కుర్చీల పని ఎవరు చేస్తున్నారు? అందుకు వాళ్ళకు అదనంగా ఏమిస్తున్నారు?

జవాబులు ఆమెకు కంఠతా వచ్చు. ఆరు. ఇద్దరు. మేమే. ఏమీ లేదు. చిక్కల్లా అలా రాయడంలోనే ఉంది. ఇక్కడ సిబ్బంది కొరత లేదని ప్రధాన కార్యాలయం ఏటా ప్రభుత్వానికి రాసి పంపుతోంది. నిజం రాస్తే వాళ్ళు ఊరుకోరు, అబద్ధం రాస్తే సమాచార కమిషన్ ఊరుకోదు. ముప్పై రోజుల్లో ఏదో ఒకటి రాయకపోతే రోజుకింతని జీతంలో కోత. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, సరిగ్గా ఆ మధ్యన వేశారు ఆమె కుర్చీ.

ఆఫీసులో రెండో మనిషి పెద్దసారు. కాగితం తీసుకెళ్ళి ఆయన ముందు పెడితే, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండానే తిరిగి ఇచ్చేశారు.

"ఉన్నది ఉన్నట్టు రాయమ్మా."

"సంతకం నాది సార్. మీది కాదు."

"అందుకే చెబుతున్నా. అబద్ధం రాశావంటే రేపు నిన్ను ఎవరూ కాపాడలేరు."

ఆమెకు ఒళ్ళు మండింది. ఒడ్డున కూర్చున్నవాళ్ళు ఎన్నయినా చెబుతారు. మనుషులను ఇవ్వమని ఆయన ఆరేళ్ళుగా పైకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు, నకళ్ళతో ఒక ఫైలు నిండిపోయింది. ఒక్కదానికీ జవాబు లేదు. మనం రాసే ఉత్తరానికి గడువుండదు, జనం రాసేదానికే ఉంటుందని అప్పుడప్పుడు విసుక్కునేవారు. అంతకు మించి ఆయన చేసిందల్లా ఆమె రాసిన జవాబులు పట్టుకెళ్ళి పెద్దావిడకు ఇచ్చి రావడమే. స్టాంపుల బిల్లు పాసు కాలేదు, ఎలాగూ ఆ వీధి మీదుగానే ఇంటికి వెళ్తాననేవారు.

ఆ సాయంత్రం ఇంట్లో భర్త ఆమెను నవ్వించబోయాడు. ఆ పెద్దావిడకు నీ దస్తూరీ తెగ నచ్చినట్టుంది అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. పైవాళ్ళకు కోపం వస్తే బదిలీ కొండల అవతలికే. కూతురికి పుట్టుచెవుడు. ఈ ఊళ్ళో మాటలు నేర్పే టీచరు దగ్గర రెండేళ్ళు కూర్చుంటే, ఇప్పుడిప్పుడే నాలుగు మాటలు పట్టుబడుతున్నాయి. కొండల అవతల అలాంటి టీచరు లేదు. అయినా మర్నాడు వెళ్ళి, ఉన్నది ఉన్నట్టే రాసింది.

పదిరోజులు తిరక్కుండానే పెద్దావిడ ఫిర్యాదు కమిషన్‌కు చేరింది. పైవాళ్ళు కొరత లేదంటున్నారు, కిందివాళ్ళు నాలుగు ఖాళీలంటున్నారు, ఏది నిజం అని. విచారణకు పెద్దావిడ రాలేదు. ప్రధాన కార్యాలయం నుంచి డిప్యూటీ డైరెక్టరు వచ్చి, నీళ్ళు నమిలాడు. కమిషనరు ఆమె జవాబు చదివి, నాలుగు పోస్టులూ అరవై రోజుల్లో నింపాలని ఆదేశించారు. ఆ ఆదేశం ఫిర్యాదు చేసినావిడ చేతికిచ్చి, వారంలోగా సంతకం తీసుకురమ్మన్నారు.

ఆమె ఊపిరి పీల్చుకుని బయటికి వచ్చేలోపే డిప్యూటీ డైరెక్టరు వరండాలో అడ్డం నిలబడ్డాడు.

"ఆ ముసలావిడకు ఇంత చట్టం ఎలా తెలుసు? వెనక ఎవరో ఉన్నారు."

"నాకు తెలియదు సార్."

"తెలుసుకోండి. సోమవారానికి ఆ పేరు నా బల్ల మీద ఉండాలి. లేకపోతే మీ బదిలీ ఉత్తర్వు మీ బల్ల మీద ఉంటుంది."

ఆదేశం నేనే ఇచ్చొస్తానన్న పెద్దసారు మర్నాడు జ్వరమని రాలేదు. శనివారమూ రాలేదు. నౌకరు పోస్టు మూడేళ్ళుగా ఖాళీ. ఇక మిగిలింది ఆమే.

కిటికీ మూసి బయలుదేరింది. దారి పొడుగునా ఒక్కటే అనుకుంది. పేరు తెలిస్తే చెప్పేయాలి. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం తన బిడ్డ నోరు కట్టేయడం తన వల్ల కాదు. తప్పే కావచ్చు, కానీ తల్లికి ఇంకో దారేముంది?

సందు చివరి ఇంటి అరుగు మీద పెద్దావిడ చొక్కాకు బొత్తాలు కుడుతోంది. నమోదు ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే చాప వేసి కూర్చోబెట్టింది. కాగితం చదవనే లేదు. చూపించినచోట నిదానంగా సంతకం చేసి ఇచ్చేసింది.

"అమ్మగారూ, ఈ ప్రశ్నలన్నీ మీరే రాశారా?"

"నాకంత చదువెక్కడిదమ్మా. మా అల్లుడు రాసుకొచ్చి పెట్టమంటాడు, నేను సంతకం పెడతాను."

ఆమె సంచిలోంచి తెల్లకాగితం తీసింది. కలం మూత తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మీ అల్లుడిగారి పేరేమిటండీ?"

పెద్దావిడ దారం కొరికి, ఆమె వంక వింతగా చూసింది.

"మీ పెద్దసారే కదమ్మా."