తేలిన గుడ్డు

“ఒక్కటి తేలినా ఆర్డరు నేదప్పా” అన్నాడు కూర్మారావు, సింహాచలమ్మ పెరట్లో బకెట్టు నీళ్లలో మొదటి గుడ్డు వదులుతూ.

అది బుడుంగున మునిగి అడుగున పడుకుంది. రెండోదీ అంతే.

టాటానగర్ రైల్వే క్యాంటీన్‌లో వంట అతని చేతి మీదే నడుస్తుంది. కిందటి వారం జుగ్సలాయి బజారులో ఎవడో తెల్లటి ఫారం గుడ్లను టీ నీళ్లలో ముంచి, నాటుగుడ్లని అంటగట్టాడు. సగం కుళ్లినవే. అప్పటినుంచి కూర్మారావు మనుషుల మాట నమ్మడం మానేసి నీళ్లను నమ్ముతున్నాడు. తాజా గుడ్డు మునుగుతుంది, పాడైనది తేలుతుంది.

సింహాచలమ్మకు ఆ పరీక్షంటే బెదురు లేదు. ఆమె కోళ్లు పొద్దంతా ఖర్కాయి ఏటి ఒడ్డు గడ్డిలో తిరిగి పురుగులు ఏరుకు తింటాయి. గుడ్డుకు తడి తగలనివ్వదు ఆమె. పొడిగుడ్డతో తుడిచి ఊకలో దాస్తుంది. భర్త పోలయ్య ఫౌండ్రీలో అచ్చుల వడ్రంగి. అతను చేసిన కర్ర అచ్చును బట్టే ఇనుము పోసేవారు. ఈ కోళ్లగూడు కట్టిందీ అతనే. నిరుడు వానల్లో పోయాడు. ఇక ఈ కోళ్లే ఆమెకు ఆధారం. తన గుడ్లు రైల్వే క్యాంటీన్‌కు వెళతాయని ఆదిత్యపూర్‌లో తన వీధంతా అప్పుడే చెప్పేసుకుంది.

బుట్ట ఖాళీ అయింది. ఒక్కటీ తేలలేదు. కూర్మారావు తృప్తిగా లేచి గూటిలోకి తొంగిచూశాడు. గడ్డి మీద ఇంకో గుడ్డు ఉంది.

“దాన్నొగ్గేయి బావూ. అది అమ్మీది కాదు.”

అమ్మకుండా ఉంచుకోవడం ఎందుకని అతనికి అనుమానం వచ్చింది. తీశాడు. చేతికి తేలిగ్గా తగిలింది. నీళ్లలో వదిలాడు.

తేలింది.

అతని ముఖం మాడిపోయింది. ఇది ఎన్నాళ్లదని అడిగాడు. చాలా కాలందేనని, అది తీసేస్తే కోళ్లు గుడ్లు పెట్టడానికి ఈ గూటికి రావని ఆమె తొణక్కుండా చెప్పింది.

“గూట్లో ఒకటి ఉంచడం మాకూ తెలుసు. దాన్ని రోజూ మార్చాల. ఇది బుట్టలో కలిసిందంటే క్యాంటీన్‌లో నా పరువేటి కావాల?”

ఆమె వంగి ఆ గుడ్డును పైకి తీసి, కొంగుతో తుడిచి, తిరిగి అతని అరచేతిలో పెట్టింది.

“బాగా సూడు బావూ. మిగతావాటికీ దీనికీ ఏటైనా తేడా ఉందేటి?”

కూర్మారావు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఎండకు పట్టాడు. వెలుతురు దూరలేదు.

“పైకేటీ తేడా నేదు. అదే రంగు, అదే నునుపు. లోపలే కుళ్లిపోనాది. ఏ కోడి పెట్టిందప్పా ఇది?”

ఆర్డరు చేజారుతున్న మనిషిలా లేదు సింహాచలమ్మ. పదిమందిలో పేరు పిలిచినట్టు తలెత్తి నిలబడింది.

“కోడి కాదు బావూ, మా ఇంటాయన సెక్కి పెట్టినాడు.”