సున్నం పొరల్లో మా ఇల్లు

నమస్తే అండీ అందరికీ. ఇప్పుడు ఊరూరా గోడలు వినిపించేవాళ్లు తిరుగుతున్నారు కదా, మొన్న మా బొబ్బిలి ఇంటికీ ఒకాయన్ని పిలిచాం. పేరు సింహాద్రి. ఏ ఏడు వేసిన సున్నంలో ఆ ఏటి మాటలుంటాయి. గీకితే ఒక్కసారి వినిపించి పొడైపోతాయి, మళ్లీ రావు.

నాకేమో ఇల్లు కట్టిన ముత్తాత గొంతు వినాలని ఆశ. ఆయన అన్నిటికన్నా అడుగు పొరలో ఉన్నాడు.

"ఒరే, పైనున్నోళ్లంతా మనోళ్లే కదరా, రాల్చేస్తావా?" అంది మా నూకరత్నం అక్క.

"మనం విన్నవే కదక్కా!"

సింహాద్రి గీకుతుంటే నా పెళ్లి గోల, అక్క అప్పగింతల ఏడుపు మంచులా రాలిపోయాయి. ఒక పొర దగ్గర ఆగాడు.

"దీన్లో రెండేళ్ల మాటలున్నాయండి. మధ్యలో సున్నం వెయ్యలేదా?"

నాన్న పోయిన ఏడు. మైల కదా, వెయ్యలేదు.

ముందు నాన్న దగ్గు వినపడింది, తర్వాత అదీ ఆగిపోయింది. ఆపైన రోజూ మధ్యాహ్నం, మేం బళ్లో ఉండే టైములో, అమ్మ గొంతు. "అన్నం చల్లారిపోతంది, రండి." కాసేపాగి, "సరే, నేను తినేస్తన్నా."

మా ముందు ఒక్క రోజు కూడా ఏడవలేదండి అమ్మ. ఇప్పుడామే లేదు.

ఆ పొర ఇంక అరచెయ్యంతే మిగిలింది.

"గీకీమంటారా? ఇది దాటి అడుక్కెళ్తేనే మీ ముత్తాత" అన్నాడు సింహాద్రి.

"వద్దు బాబూ" అన్నాన్నేను.

ఆ మధ్యాహ్నం అక్కా నేనూ ఆ గోడ పక్కనే ఆకులేసుకుని కూర్చున్నాం. అన్నం చల్లారకముందే.