కాస్త సహజంగా ఉండండి

“అక్కా, బావగారు ఇవాళైనా మిమ్మల్ని ఒక్కసారి విసుక్కుంటారా?”

హాల్లో మూల కుర్చీలో కూర్చున్న రిసెర్చి అమ్మాయి ఆ మాట ఎంత దీనంగా అడిగిందంటే, సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని వారపత్రిక తిరగేస్తున్న ఇల్లాలికి నిజంగానే జాలేసింది. వంటింట్లోంచి మొగుడు గిన్నెలు తోముతున్న చప్పుడూ, అత్తగారు ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడూ వీనులవిందుగా వినిపిస్తున్నాయి.

“ఆయన విసుక్కునే మనిషి కాదమ్మా” అంది ఇల్లాలు, పేజీ తిప్పుతూ. పచ్చి అబద్ధం.

ఇళ్ళల్లో ఎవరు ఎంత పని చేస్తారన్నది ఆ అమ్మాయి పరిశోధన. పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది, పొద్దుగూకాక వెళ్తుంది. ఆమె కుర్చీ వేసుకున్న రోజే, తాగిన గ్లాసు కూడా తీసి పక్కన పెట్టని మొగుడు లేచి చీపురు పట్టుకున్నాడు. కోడలి కూరకు వంక పెట్టందే ముద్ద దిగని అత్తగారు, చెయ్యి తిరిగిన వంటంటూ మారు వడ్డించుకుంది. పరాయిపిల్ల ముందు పరువు పోతుందని ఇద్దరికీ భయం. నెలలు తిరుగుతున్నా ఆ భయం చెక్కుచెదరలేదు.

“మీకు నవ్వులాటగానే ఉంటుంది” అంది అమ్మాయి గొంతు తగ్గించి. “మా గైడు నా చాప్టరు విసిరికొట్టారు. భూమ్మీద ఇలాంటి ఇల్లు ఉండదు, ఇది హాథార్న్ ఎఫెక్ట్ అన్నారు.”

“అదేం జబ్బు?”

జబ్బు కాదట. హాథార్న్ అని ఒక ఫ్యాక్టరీ ఉండేదట. అక్కడి పనివాళ్ళని పరిశీలించడానికి వెళ్తే, తమని ఎవరో చూస్తున్నారన్న ధ్యాసకే వాళ్ళు మామూలుకన్నా ఒళ్ళు వంచి పనిచేశారట. చూసే కళ్ళుంటే మనిషి మారిపోతాడు, అప్పుడు కనబడేది అసలు మనిషి కాదు అని దాని సారం. గైడు ఇంకో సంగతి కూడా చెప్పాడట. ఎవరూ ఎల్లకాలం నటించలేరు, వాళ్ళు అలిసిపోయేదాకా అక్కడే కూర్చో, సహజం అదే బయటికొస్తుంది అని.

“సహజంగా లేకపోతే నాకు థీసిస్ లేదు. థీసిస్ లేకపోతే లెక్చరర్ ఉద్యోగం లేదు. నెలాఖరు దాకే గడువు. ఒక్క మామూలు రోజు చాలక్కా.”

చూద్దాంలే అంది ఇల్లాలు. అంది గానీ ఆమె లెక్క వేరు. మామూలు రోజొకటి వచ్చిందంటే ఈ అమ్మాయి వెళ్ళిపోతుంది. ఈ అమ్మాయి వెళ్ళిపోతే ఇక అన్నీ మామూలు రోజులే. పెళ్ళయ్యాక మొదటిసారి అన్నం వేడివేడిగా, కూర్చుని తింటోంది. ఎవరి ఉద్యోగం కోసమో ఆ కంచం వదులుకునేంత పెద్దమనసు తనకి లేదని నిజాయితీగా ఒప్పుకుంది.

మర్నాటినుంచి ఆమె కాపలా మొదలైంది. మొగుడి కనుబొమలు ముడిపడితే చాలు, “అమ్మాయ్, టీ తాగుతావా?” అని హాల్లోకి కేకేసేది. కనుబొమలు విడిపోయేవి. అత్తగారు కూర నోట్లో పెట్టుకుని మూతి వంకర తిప్పబోతే, అమ్మాయి కుర్చీని భోజనాల బల్ల దగ్గరికి జరిపేది. మూతి చక్కబడేది.

అమ్మాయి మాత్రం ఊరుకుందా? తను కనబడకపోతే మారతారేమోనని బాల్కనీలో కూర్చుంది. మొగుడు వెళ్ళి ఆమెకి దిండు వేసొచ్చాడు. కర్టెన్ వెనక నిలబడి చూసింది. మొగుడు ఆ కర్టెన్ విప్పి తీసుకెళ్ళి ఉతికి ఆరేశాడు.

గడువు రేపో మాపో అనగా, ఒకరోజు పొద్దున స్నానాలగదిలోంచి పెడబొబ్బ వినిపించింది.

“నా తువ్వాలేదీ? ఈ ఇంట్లో ఒక్క వస్తువైనా చోటున ఉండి చస్తుందా?”

ఇల్లాలు వారపత్రిక పక్కన పడేసి లేచింది. అమ్మాయి కలం పరుగందుకుంది. టిఫిను దగ్గర అత్తగారు కంచం ముందుకు తోసి, ఇది కూరా కుడితా అని అడిగింది. మీ పుట్టింట్లో ఉప్పనే పదార్థం వాడరా అని కూడా అడిగింది. అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, ఆనందంతో.

ఇల్లాలు దగ్గింది, కుర్చీ జరిపింది, టీ సంగతి ఎత్తింది. ఏదీ పనిచెయ్యలేదు. టీ పెట్టడానికి కూడా ముహూర్తం చూసుకోవాలా అని మొగుడు గయ్యిమన్నాడు. మధ్యాహ్నానికి అత్తగారు దెప్పిపొడుపుల్లో ఆడపడుచు మర్యాదల దగ్గరికి, సాయంత్రానికి పెళ్ళినాటి విడిది దగ్గరికి వెళ్ళిపోయింది. మొగుడు సోఫాలో పడుకుని కాళ్ళు కూడా కదపలేదు.

చీకటి పడేవేళకి అమ్మాయి సంచి సర్దుకుంది. గుమ్మంలో ఇల్లాలి చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది.

“ఇది అచ్చమైన సహజం అక్కా. ఇంక మా గైడు నోరెత్తలేరు. వెళ్ళొస్తాను.”

తలుపు మూసి, ఇల్లాలు గడియ పెట్టింది. పొద్దుటినుంచి పేరుకున్న గిన్నెల కుప్ప కళ్ళముందు మెదిలింది. తనకి రాసిపెట్టింది ఇంతేననుకుని, కొంగు బొడ్లో దోపుకుని వంటింట్లోకి నడిచింది.

సింకు దగ్గర మొగుడు మోచేతులదాకా నురగతో గిన్నెలు తోముతున్నాడు. పక్కనే అత్తగారు కడిగిన కంచాలు తుడుస్తోంది.

“వెళ్ళిందా ఆ పిల్ల?” అంది అత్తగారు, బొంగురుపోయిన గొంతుతో. “మునుపెలా ఉండేవాళ్ళో ఒక్కరోజు అలాగే ఉండమని మా ఇద్దరి కాళ్ళావేళ్ళా పడిందని ఒప్పుకున్నాం గానీ అమ్మాయ్, ఆ పాత తిట్లన్నీ గుర్తు తెచ్చుకుని బట్టీపట్టేసరికి మా తాతలు దిగొచ్చారనుకో.”