డిటెక్టివ్‌ని చంపిందెవరు?

వారపత్రిక పట్టుకుని తమ్ముడు అక్క ఇంట్లో ఊడిపడ్డాడు. పన్నెండేళ్లుగా అతని పేరుతో వస్తున్న సీరియల్లో, జనం వెర్రెత్తిపోయే డిటెక్టివ్ ఈ వారం మేడ మీంచి పడి చచ్చిపోయాడు.

“నాకు చెప్పకుండా చంపేస్తావా అక్కా? ఎడిటర్ నన్ను ఉతికేస్తున్నాడు. ఎలాగైనా బతికించు!”

అక్క బట్టలు మడతపెడుతూనే ఉంది.

“నావల్ల ఎక్కడవుతుందిరా? మా అక్కకి అక్షరమ్ముక్క రాదని మొన్న సన్మానంలో మైకు పట్టుకుని చెప్పావుగా. నేను ముందు వరసలోనే కూర్చున్నా.”

“ఏదో నోరు జారాను. నీ కాళ్లు పట్టుకుంటా.”

ఆమె ఇంకో పత్రిక తీసి అతని ముందు పడేసింది. అందులో కొత్త సీరియల్, కొత్త లేడీ డిటెక్టివ్, కింద అక్క పేరు.

“తీరిగ్గా చదువుకో. మొదటి కేసులో ఆవిడకి దొరకబోయే దొంగ ఓ పేరుమోసిన రచయిత.”