కాలు కింద పెడితే

“ఏమిరా ఏకాంబరం, ఎముకల గూటికి పెండ్లి చేస్తా ఉండావా?”

జీపు దిగకుండానే అడిగాడు గురప్ప. అడిగి తానే నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి డ్రైవరు సుబ్రమణ్యం కూడా నవ్వాడు.

సత్యవేడులో తడ రోడ్డు మీద ఏకాంబరం మెకానిక్ షెడ్డు. షెడ్డు మధ్యలో రెండు రాళ్ళ మీద నిలబెట్టి ఉంది ఆ గూడు. ఇంజను లేదు, చక్రాలు లేవు, ట్యాంకు లేదు. ఉత్త ఫ్రేము. ఒకప్పుడు అది గురప్ప మోటారుసైకిలు. మామిడి తోటలో కోళ్ళ గూడు వెనక తుప్పు పట్టి పడి ఉంటే, “కావల్నంటే ఎత్తుకోని పో, నాకు చెత్త తగ్గుతుంది” అన్నాడు. ఏకాంబరం భుజాన వేసుకొని వచ్చాడు.

గురప్ప ఊరికి ప్రెసిడెంటు. అరవై ఎకరాల తోట, ఒక ముసలి జీపు. ఆ జీపును బతికించగలిగినవాడు చుట్టుపక్కల ఏకాంబరం ఒక్కడే. ఆ సంగతి గురప్పకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే, వచ్చిన ప్రతిసారీ వాడిని నాలుగు మాటలు అనందే ఆయన మనసు నిమ్మళించదు.

నెలలు గడిచే కొద్దీ గూటికి కండ పట్టింది. చిత్తూరు పాత ఇనుము కొట్టు నుంచి ఇంజను వచ్చింది. రాయి తగిలినా పగలకుండా దాని అడుగున మందపాటి ఇనుప పలక బిగించాడు. వెనక చైను చక్రం పెద్దది వేశాడు. సైలెన్సరును నడుమెత్తుకు లేపాడు.

“సీటేదిరా?”

“నిలబడే తోలల్లయ్యా.”

“లైటో?”

“పగలే గదయ్యా పోయేది.”

“పోనీ, ఎంత స్పీడు పోతాది నీ విమానం?”

“మనిషి నడిచేంత.”

గురప్ప పొట్ట పట్టుకొని నవ్వాడు. “నడిచేంత పోయేదానికి బండెందుకురా ఎదవా? నడిచే పోవచ్చు గదా.”

“ఇన్నాళ్ళూ నడిచినాం గదయ్యా” అని ఏకాంబరం హ్యాండిలు కొలవడానికి వంగాడు.

కొలతకు టేపు లేదు. జేబులోంచి ఒక పురికొస తీశాడు. దాని మీద అక్కడక్కడా ముడులు. ఒక ముడి నుంచి ఇంకో ముడికి పట్టి చూశాడు. హ్యాండిలు నాలుగు వేళ్ళు ఎక్కువైంది. రంపం తీసి ఇటు రెండు వేళ్ళు, అటు రెండు వేళ్ళు కోసి పారేశాడు. బంగారం లాంటి హ్యాండిలు. తిక్కలోడు, అనుకున్నాడు గురప్ప.

ఏకాంబరం మద్రాసులో పోటీ బళ్ళ షెడ్డులో మూడేళ్ళు పనిచేసి వచ్చాడు. అక్కడ ట్రయల్స్ అని ఒక పోటీ ఉందట. గుంతలు, బండలు, ఇరుకు సందులు. వేగంతో పని లేదు. కాలు కింద పెట్టకుండా చివరికంటా పోవాలి. పెడితే మార్కు పోయినట్టే.

“మద్రాసోళ్ళకు పని లేదు, నీకు బుద్ధి లేదు” అని తేల్చేశాడు గురప్ప.

మామిడి కోతకు వచ్చేనాటికి బండి తయారైంది. షెడ్డు వెనక ఎండిన వంకలో ఏకాంబరం ఒక గుంత తవ్వాడు. గుంత అవతల మోకాలెత్తు బండ దొర్లించాడు. దాని అవతల రెండు గుంజలు పాతాడు. అన్నీ ఆ పురికొసతో కొలిచే. వాటి మీద రోజూ పడ్డాడు, లేచాడు, పడ్డాడు. రెండు మోకాళ్ళూ తోలు లేచిపోయాయి.

ఒకరోజు గురప్ప జీపు ఆపించి, వేళ్ళు మడిచి లెక్క పెట్టాడు.

“ఏడు తూర్లు పెట్టినావురా కాలు. ఆ గుంతా, ఆ బండా చూస్తే ఎవడైనా దిగి నడుస్తాడు గదరా.”

“అందరూ దిగే నడుస్తారయ్యా.”

“మరి నీకేమి రోగం? ఒక తూరి కాలు పెడితే కొంప మునుగుతాదా?”

ఏకాంబరం మోకాలి మీది నెత్తురు నూనెగుడ్డతోనే తుడుచుకున్నాడు. “ఆడ కాలు పెడితే అంతేనయ్యా. మళ్ళా ఎక్కనీరు. రెండో తూరి ఉండదు.”

“ఎప్పుడు పోటీ?”

“ఆదివారం పొద్దున.”

“నువ్వు బోర్లా పడేది చూసేదానికి మద్రాసు దాకా రావల్లనా? నాకంత తీరిక లేదు.”

“మీరు యాడికీ రావద్దయ్యా. ఇంటికాడే ఉండండి.”

ఓడిపోయి ఆ ఏడుపు మొహం తానే తెచ్చి చూపిస్తాడు గాబోలు. మంచిదే, అనుకున్నాడు గురప్ప.

ఆదివారం పొద్దున ఆయన తన అరుగు మీద కూర్చొని కాఫీ తాగుతున్నాడు. వీధికి ఇటూ అటూ అరుగుల మీద ఆయన వాళ్ళే. ఇంజను చప్పుడు వినిపించింది. జీపు వచ్చే వైపు నుంచి కాదు. రెండో కొస నుంచి. ఆ కొసలో గురప్ప పనులు పురమాయించాడే తప్ప, తాను ఎన్నడూ అటు నడిచి ఎరగడు.

తల తిప్పి చూశాడు.

ఏకాంబరం బండి మీద నిలబడి ఉన్నాడు. బండి గుంతలోకి దిగింది, మూలుగుతూ ఎక్కింది. ముందు చక్రం లేపి మోకాలెత్తు బండ దాటింది. రెండు రాతి కూసాల మధ్య ఇటు వేలెడు, అటు వేలెడు సందుతో దూరింది. తర్వాత అరుగుల ముందు నుంచి, మనిషి నడిచేంత నిదానంగా వచ్చింది.

గురప్ప వేళ్ళు అలవాటుగా లెక్కకు సిద్ధమయ్యాయి. ఒక్క వేలైనా మడిచే పని పడలేదు.

ఏకాంబరం వాళ్ళ మాలవాడ నుంచి ఎవడొచ్చినా ఆ వీధిలో సైకిలు దిగి నడవాల్సిందేనని, రెండేళ్ళ కిందట ఆ గుంత తవ్వించింది, ఆ రాళ్ళు పాతించింది గురప్పే.