మాస్టరు వాటా

పెద్ద వంతెనను వరద ఊడ్చుకుపోయిన ఏడాదికి మరుసటి ఏడు జరిగింది ఇది.

రొట్టెల బట్టీలో మాస్టరు చేతిలోంచి రేకు జారిపోయింది. వేడి వేడి రొట్టెలన్నీ బూడిదలో దొర్లాయి.

"పొద్దున్నే పట్టించావా?" అన్నాడు యజమాని.

"చుక్క ముట్టనయ్యా. కాళ్ళు నా మాట వినడం లేదు."

"తాగినవాడు తాగానని ఎప్పుడన్నాడు గనక! ఇంకొక్క రేకు జారిందంటే నీ తెడ్డు ఇంకొకడి చేతికిస్తాను."

పొయ్యిలో రొట్టెలు పెట్టి తీసే ఆ తెడ్డు పోతే మాస్టరుకు ఇంకేమీ మిగలదు.

భార్య పోయి చాలాకాలమైంది. ఉన్న ఒక్క చెల్లెలి మొగుడు, "తాగి ఊగే బావ మా గుమ్మం తొక్కక్కర్లేదు" అని కబురంపాడు. అప్పటినుంచి మాస్టరు సెలవునాడు కూడా బట్టీకే వచ్చి, ఆరిన పొయ్యి ముందు కూర్చునేవాడు.

వేళ్ళ కొసలు మొద్దుబారాయి. వేడి రేకు పట్టుకున్నా తెలియదు. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. మోచేతుల మీద దురద పొక్కులు.

కడుపులో నొప్పి మాత్రం లేదు. అందుకే తిండి మీద ఎవరికీ అనుమానం రాలేదు.

"ఒంట్లో పస లేదు. ఇంకాస్త రొట్టె తిను, ఇన్ని పాలు తాగు" అనేవాళ్ళు తోటివాళ్ళు. మాస్టరు అలాగే తినేవాడు, తాగేవాడు. ఇంకా తూలేవాడు.

ఆ రోజుల్లోనే రేకులు కడగడానికి కొత్తగా ఒకాయన చేరాడు. ఎవరితోనూ కలవడు. ఊరూ పేరూ ఎవరూ అడగలేదు. రేకులాయన అనేవాళ్ళు.

వచ్చిన నాలుగోనాడు మాస్టరు నడక చూసి దగ్గరికొచ్చాడు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీకు రొట్టె పడదు. పాలూ పడవు."

బట్టీ అంతా గొల్లున నవ్వింది.

"రొట్టెల మాస్టరుకి రొట్టె పడదా? ఇంకా నయం, చేపకి నీళ్ళు పడవన్లేదు!" అన్నాడు మాస్టరు.

రేకులాయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ బట్టీలో ఒక మర్యాద ఉంది. మొదటి వాయిలో మొదటి రొట్టె, గిన్నెడు పాలు మాస్టరు వాటా. యజమాని కూడా వాటి మీద చెయ్యి వెయ్యడు. మిగతావన్నీ లెక్కపెట్టి అమ్మకానికి పోతాయి.

మర్నాటినుంచి ఆ వాటా మాయం కాసాగింది.

"పిల్లి తిన్నదేమోలే" అన్నాడు యజమాని.

ఆకలేసి మాస్టరు అటూ ఇటూ చూస్తుంటే, "నిప్పుల్లో చిలగడదుంపలు వేశాను, తినండి" అనేవాడు రేకులాయన. మాస్టరు మొహం ముడుచుకునే తినేవాడు.

రోజూ అదే తంతు. రెండు నెలలు గడిచేసరికి మాస్టరు కాళ్ళు నేల మీద ఆనాయి. తెడ్డు వణకడం మానింది.

"మోకాళ్ళకి నూనె రాస్తున్నాను. దాని మహిమ" అని చెప్పుకున్నాడు అందరికీ.

ఒకరోజు రేకులాయన చొక్కా కింద ఏదో దాచుకుని పెరటి తలుపు వైపు పోతుంటే మాస్టరు చెయ్యి పట్టుకున్నాడు. చొక్కా కింద వాటా రొట్టె ఉంది.

"ఇదా పిల్లి! అడిగితే పెట్టనా? నా వాటాకే ఎసరు పెడతావా?"

రేకులాయన నోరు విప్పబోయాడు. మాస్టరు విప్పనివ్వలేదు. యజమాని వచ్చాడు. దొంగచెయ్యి ఉన్నవాడు తన బట్టీలో వద్దన్నాడు.

గడప దాటుతూ రేకులాయన వెనక్కి తిరిగాడు.

"దుంపలు మాత్రం మానకండి, మాస్టారూ."

"దొంగతనం చాలక వైద్యం కూడానా, పోవయ్యా!"

ఆ రోజు మాస్టరు తన వాటా కడుపారా తిన్నాడు. మర్నాడూ తిన్నాడు. ఆపైనా తిన్నాడు.

నెల తిరగలేదు, కాళ్ళు మళ్ళీ మొదటికొచ్చాయి. నిండు రేకు బూడిదపాలైంది.

యజమాని ఈసారి అరవలేదు. తెడ్డు తీసుకుని ఇంకొకడికిచ్చాడు. "రేకులు కడిగేవాడు లేడు. ఉంటే ఉండు" అన్నాడు.

మాస్టరు పెరట్లో కుళాయి దగ్గర కూర్చున్నాడు. పిండి జల్లించే అక్క చేతులు కడుక్కోవడానికి వచ్చింది.

"ఆ దొంగ పోయినా నా శని పోలేదక్కా."

"దొంగెవరు తమ్ముడూ? నీ రొట్టె ఆయన తిన్నాడనుకున్నావా? గోడవతల కుక్కలకి వేసేవాడు. పాలు కూడా వాటికే. బట్టీలో పనిచేస్తూ రొట్టె ముక్క నోట్లో వేసుకోనివాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"నీ కేకల్లో నా గొంతు వినపడిందా?"

మాస్టరు కడుగుతున్న రేకు కింద పెట్టాడు. దుంపలు తిన్న రోజులు, నిలబడి నడిచిన రోజులు ఒకటేనని అప్పుడు తట్టింది.

మర్నాడు పొద్దున్న పనికి పోలేదు. గోడ పట్టుకుని, కనబడ్డవాళ్ళనల్లా అడుగుతూ రేకులాయన గది వెతుక్కుంటూ వెళ్ళాడు. గది ఖాళీగా ఉంది. ఇంటావిడ ఊడుస్తోంది.

"వెళ్ళిపోయాడు నాయనా. ఏ ఊరో చెప్పలేదు. ఇంకో రొట్టెల బట్టీ ఎక్కడుందో చూసుకుంటానన్నాడు."

"రొట్టె తినడుగా, బట్టీ ఎందుకమ్మా?"

"ఆ వాసన లేందే నిద్రపట్టదట. మరి, పుట్టి బుద్ధెరిగాక చేసింది ఆ పనే కదా!"

"రేకులు కడగడమా?"

ఆవిడ చీపురు ఆపి మాస్టరును ఎగాదిగా చూసింది.

"అదేంటి నాయనా, నీకు తెలీదూ? ఎక్కడో పెద్ద బట్టీలో తెడ్డు పట్టిన మాస్టరాయన. చుక్క ముట్టకపోయినా, తూలుతున్నాడు తాగుబోతని గెంటేస్తే, రొట్టె, పాలు కొనే గతిలేక దుంపలు తిని బతికాడట, అప్పుడు నిలబడ్డాయట ఆయన కాళ్ళు."