మూడేళ్ల చేపలు

"మాటలెందుకు మేడమ్? మా చేపల్నే చూడండి," అన్నాడు అద్దకం ఫ్యాక్టరీ మేనేజరు, గాజు తొట్టె వైపు చెయ్యి చాపి. రంగునీళ్లు శుద్ధయ్యాక ఆ తొట్టెలోంచే కాలవలోకి పోతాయి. దిగువనున్న ఇళ్లవాళ్లు తాగేది ఆ కాలవ నీళ్లే.

తనిఖీకొచ్చిన అధికారిణి పెన్ను తీసింది. ఆవిడ సంతకం పడకపోతే రేపటి నుంచి ఫ్యాక్టరీకి తాళమే.

"ఎన్నాళ్ల నుంచి ఉన్నాయివి?"

"మూడేళ్లండీ. ఒక్కటంటే ఒక్కటి చావలేదు. రోజూ పొద్దున్నే నా కళ్లతో చూస్తున్నాగా!"

ఆవిడ వంగి చూసింది. "మూడేళ్లయినా ఇంకా వేలెడే ఉన్నాయేంటి?"

మేనేజరూ వంగి చూశాడు. రోజూ చూస్తున్నా ఆ సంగతి తనకెందుకు తట్టలేదో! పంపుల దగ్గరున్న ముసలాయన్ని, అందరూ వాల్వు మావయ్య అని పిలిచే మనిషిని, కేకేశాడు.

"మావయ్యా, ఇవి పెరగని రకం కదూ? మేడమ్‌కి చెప్పు!"

వాల్వు మావయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "పెరిగే రకమేనండీ. రాత్రి గడవదు వాటికి. తెల్లారేసరికి చచ్చి తేలతాయి. మీరు రాకముందే తీసేసి, కొత్తవి తెచ్చి వేస్తున్నాను."

ఆవిడ పెన్ను మూత పెట్టేసింది.

"మూడేళ్లుగానా?" అన్నాడు మేనేజరు. "ఒక్క మాట నాతో చెప్పొద్దూ?"

"మొదటిరోజే చెప్పానండీ," అన్నాడు ముసలాయన, తొట్టెనే చూస్తూ. "'అవన్నీ నాకు చెప్పకు, పొద్దున్న నేనొచ్చేసరికి చేపలు బతికుండాలి, అంతే' అన్నారు."